ఊళ్ళోనా, కాలనీలోనా?

(రాయల్పాడులో జరిగిన మిల్లు కార్మికుల సభలో సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



మనలో ఎవరైనా ఫిర్యాదు చేయటానికి పోలీసు స్టేషను మెట్లెక్కితే, ఏం జరిగిందని అడగటానికి ముందే ఇంకో ప్రశ్న వస్తుంది. 'ఏ ఊరప్పా నీది? ఊళ్ళోనా, కాలనీలోనా?' జవాబు చెప్పగానే మన కులం తెలిసిపోతుంది. కుర్చీ చూపించాలా, గోడవారగా నిలబెట్టాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ రోజు ఈ ఒక్క ప్రశ్నను గురించే మాట్లాడదలచాము.

మాకు తెలిసిన ఒక మిల్లులో, పేరు ఇక్కడ అనవసరం, కొన్ని బస్తాలు లెక్క తగ్గాయి. తాళంచెవి గుమాస్తా దగ్గర ఉంది. చీటీలు కాటా దగ్గర ఉన్నాయి. కానీ జీపు నేరుగా కాలనీకి వచ్చింది. ముగ్గురు హమాలీలను, బీహారు నుంచి వచ్చిన ఇద్దరు కూలీలను ఎక్కించుకుపోయింది. రెండు రాత్రులు స్టేషనులో ఉంచారు. మూడోనాడు కాటా చీటీలో అంకె తప్పు పడిందని తేలింది. పొమ్మన్నారు. తప్పయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. కొద్ది నెలలకు ఆ హమాలీలలో ఒకరిని మేస్త్రీ కొట్టాడు, కూలి ఎగ్గొట్టాడు. అదే స్టేషనుకు పోతే, 'ఒకే చోట పని చేసేవాళ్ళు, రాజీ చేసుకోండప్పా' అన్నారు. కాలనీ మీద అనుమానం వస్తే పరుగెత్తే జీపు, కాలనీకి అన్యాయం జరిగితే ఎందుకు కదలదు? ఇది ఒక ఎస్.ఐ. మంచితనం, చెడ్డతనంతో తేలే విషయం కాదు. దీనికి చరిత్ర ఉంది.

మన కోలారు గనులనే చూడండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. పైన బంగళాలలో, క్లబ్బులలో తెల్లవారు. కింద, భూమి లోతుల్లో, ఉత్తర ఆర్కాడు నుంచి, చిత్తూరు నుంచి వచ్చిన తమిళ, తెలుగు కూలీలు. వారిలో అత్యధికులు దళితులు. పని ముగించి పైకొచ్చిన కూలీకి సోదా తప్పేది కాదు. కూలీ అంటేనే దొంగ అన్న లెక్క. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసి నమోదు చేయాలని పూనుకుంటే, ఇంకా సంఘమన్నదే లేని ఆ కార్మికులు వేల సంఖ్యలో పని ఆపేశారు. నేరస్థులకు తీసే వేలిముద్ర మాకెందుకని నిలదీశారు. 1946 నవంబరు 4న అక్కడే పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు ప్రాణాలర్పించారు. తెల్లవారు పోయారు. గనులు ప్రభుత్వపరమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ కూలీ అంటే అనుమానించే చూపు మూతపడలేదు. తెల్లవాడు వర్ణాన్ని చూశాడు, మనవాడు కులాన్ని చూస్తున్నాడు.

ఇంకా దగ్గరికి వద్దాం. చింతామణి తాలూకు కంబాలపల్లి ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఇప్పుడది చిక్కబళ్ళాపురం జిల్లా, 2007కు ముందు మన కోలారు జిల్లాయే. 2000 మార్చి 11న అక్కడ ఏడుగురు దళితులను ఇళ్ళలో సజీవదహనం చేశారు. అది ఒక్క రాత్రిలో పుట్టిన పగ కాదు, అంతకు రెండేళ్ళ ముందే అక్కడ ఒక దళితుడు హత్యకు గురయ్యాడు. ఏడు ప్రాణాలు పోయాక మంత్రులు వచ్చారు, పరిహారం ప్రకటించారు. కేసు కోర్టుకెక్కింది. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మాట మార్చారు. 2006లో నిందితులంతా నిర్దోషులుగా బయటపడ్డారు. 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడుగురు కాలిపోయారు, కాల్చినవాడు లేడు!

సాక్షులు ఎందుకు మాట మార్చారని వారిని తిట్టుకోవటం తేలిక. కూలి పని ఎవరి పొలంలో? అప్పు ఎవరి దగ్గర? సాక్ష్యం చెప్పి సాయంత్రం తిరిగి వెళ్ళేది ఏ ఊరికి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే సాక్షి నోరు ఎవరు నొక్కారో తెలుస్తుంది. ఆంధ్రలో చుండూరు సంగతీ అంతే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. పదహారేళ్ళకు, 2007లో, ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది.

'మన వాళ్ళు చట్టసభల్లో లేకనే ఇలా' అని కొందరంటారు. ఇందులో నిజం ఉంది, కానీ సగమే. కోలారు జిల్లాలో పదిమందిలో ముగ్గురు దళితులు. పార్లమెంటు స్థానం రిజర్వుడు. జిల్లాలోని ఆరు అసెంబ్లీ స్థానాల్లో ముళబాగిలు, బంగారుపేట, కె.జి.ఎఫ్. మూడూ రిజర్వుడే. కంబాలపల్లి కాలిననాడు కూడా ఢిల్లీలో మన ప్రతినిధి దళితుడే. అయినా సాక్షికి అండ దొరకలేదు. ఎందుకు? 1932 పూనా ఒప్పందం నుంచీ రిజర్వుడు స్థానంలో కూడా ఓటు అందరిదీ. భూమి, డబ్బు, పార్టీ టిక్కెట్టు ఎవరి చేతిలో ఉన్నాయో వారికి నచ్చనివాడు గెలవటం కష్టం. ఇక జనరల్ స్థానంలో దళితునికి టిక్కెట్టు ఇచ్చే పార్టీ అరుదు. కుర్చీ మనది, దాని కాళ్ళు వేరొకరివి.

అమెరికాలో ఫెర్గూసన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 2014 ఆగస్టులో ఒక నల్లజాతి యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాడు. మరుసటి ఏడు అక్కడి కేంద్ర న్యాయశాఖ విచారించి లెక్కలు బయటపెట్టింది. జనాభాలో నల్లవారు 67 శాతం, అరెస్టయినవారిలో 93 శాతం. 54 మంది పోలీసుల్లో నల్లవారు నలుగురు. ఆరుగురు సభ్యుల పురపాలక మండలిలో నల్లవాడు ఒక్కడే. ఆ పట్టణం ఊరకుండలేదు. 2015 ఏప్రిల్ ఎన్నికల్లో ఓటింగు ముందటికంటే రెట్టింపు దాటింది, మండలిలో నల్లవారు ముగ్గురయ్యారు. 2020లో తొలిసారి ఒక నల్లజాతి మహిళ మేయరయింది. జనం వీధిలో నిలిచాకే కుర్చీలో మనిషి మారాడన్న పాఠం మనం తీసుకోవాలి.

మరి మన చేతిలో ఏముంది? చట్టం ఉంది, దాన్ని పట్టుకోవటం నేర్చుకోవాలి. చెప్పిన నేరం కేసు పెట్టదగినదైతే ఎఫ్.ఐ.ఆర్. రాయక తప్పదని 2013 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో రాయకపోతే జిల్లా ఎస్.పి.కి పోస్టులో ఫిర్యాదు పంపవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నాడు. అరెస్టు చేస్తే 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహా, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, దళితుడు నోటితో చెప్పిన ఫిర్యాదును రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. కావాలని ఆ పని చేయని అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష. సాక్షికి రక్షణ, కోర్టుకు ప్రయాణ ఖర్చు కూడా అదే చట్టంలో ఉన్నాయి.

కానీ చట్టం తనంతట తాను స్టేషనుకు నడిచి రాదు, దాన్ని తీసుకుపోయే మనుషులు కావాలి. ఆ మనుషులు మనమేనా? ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. ఆ హమాలీలను పట్టుకుపోయిన మొదటి రాత్రి మేము వెళ్ళలేదు. 'తెల్లారనీ, చూద్దాం' అనుకున్నాము. ఊళ్ళో ఇల్లున్న ఫిట్టరును పట్టుకుపోయి ఉంటే తెల్లారేదాకా ఆగేవాళ్ళమా? మా కార్యవర్గంలో కాలనీ వారు ఎంతమంది? బస్తాలు మోసే ఆడవారు ఎంతమంది? బీహారు కూలీలకు సభ్యత్వ రసీదు రాశామా? స్టేషను రైటరు అడిగే ప్రశ్ననే మేమూ మా లోపల అడుగుతున్నామని ఒప్పుకోక తప్పదు.

అందువల్ల ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాము. ఏ కార్మికుణ్ణి స్టేషనుకు పిలిచినా, ఏ కులమైనా, ఏ రాష్ట్రమైనా, గంటలోపల ఇద్దరు సంఘం సభ్యులు అక్కడ ఉండాలి. కోర్టులో సాక్ష్యం చెప్పే కార్మికునికి ఆనాటి కూలి సంఘం నిధి నుంచి చెల్లించాలి. వచ్చే కార్యవర్గంలో హమాలీలకు, మహిళలకు, వలస కూలీలకు చోటు ఉండాలి. అది దయతో ఇచ్చేది కాదు, వారి సంఖ్యను బట్టి వారికి రావలసినది.

'ఊళ్ళోనా, కాలనీలోనా?' అని రేపు ఎవరైనా అడిగితే, పక్కన నిలబడ్డ ఇద్దరం కలిసి ఒకే జవాబు చెబుదాం. 'మిల్లులోనయ్యా. ముందు ఫిర్యాదు రాయండి.'

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!