హెచ్.ఐ.వి.: నాటి భయం, నేటి చికిత్స

మాడుగుల నుంచి చోడవరం మీదుగా విశాఖపట్నానికి వెళ్లే బస్సులలో హల్వా పొట్లాలతో బంధువుల ఇళ్లకు పోయేవారుంటారు, కోర్టు పనులవారుంటారు, మన్యం నుంచి దిగివచ్చిన కూలీలుంటారు. కింగ్ జార్జి ఆసుపత్రిలోని ఏ.ఆర్.టి. కేంద్రానికి మందు కోసం పోయేవారూ ఉండవచ్చును. అయితే వారు ఆ సంగతి పక్కవారితో చెప్పరు. చేరువలో మందు దొరికే అవకాశమున్నా, తమను ఎరిగినవారు ఎదురుపడని చోటికే పోదామనుకునే రోగులు ఏ ప్రాంతంలోనైనా ఉన్నారు. ఆ దూరమే వారికి రక్షణగా తోస్తుంది.

ఈ భయం ఊరక పుట్టినది కాదు. 1981లో అమెరికాలో ఎయిడ్స్ వ్యాధి బయటపడినది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దాని వైరస్‌ను కనుగొన్నారు. 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సాలమన్, ఆమె శిష్యురాలు నిర్మల మన దేశంలో తొలిసారిగా దీని ఉనికిని రక్త పరీక్షల ద్వారా నిర్ధారించారు. అప్పటికి మందు లేదు. ప్రచారానికి మిగిలినది భయపెట్టడమే. గోడల మీద పుర్రె బొమ్మలు వెలసినవి. వాటిని చూసి వ్యాధికి భయపడినవారెందరో గాని, వ్యాధిగ్రస్తునికి భయపడినవారు మాత్రం ఊరూరా కనిపించారు. కంచం వేరు, మంచం వేరు, చివరకు పాడె మోయడానికి సైతం మనుషులు కరువు.

మందులు కనుగొన్న తరువాత కూడా వాటి ధర సామాన్యునికి అందలేదు. 2001లో మన దేశపు ఔషధ సంస్థ సిప్లా రోజుకు ఒక డాలరుకన్న తక్కువ ఖర్చుతో మూడు మందుల చికిత్స అందించగలమని ప్రకటించడంతో ఆ లెక్క తలకిందులైనది. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించినది. విశేషమేమంటే, ఈ మందులకు కావలసిన మూల రసాయనాలు నేడు మన విశాఖకు సమీపాన పరవాడలో కూడా తయారవుతున్నవి. అక్కడి సరుకు సముద్రాలు దాటి పోతున్నది. అదే మందు మన పక్క వీధివానికి చేరడానికి మాత్రం ఒక అడ్డు ఉన్నది. అది ఇరుగుపొరుగు చూపు.

ఆ అడ్డును తొలగించడంలో వైద్యులకన్న ముందు నిలిచినవారు వ్యాధితో జీవిస్తున్నవారే. 1997లో చెన్నైలో వారి జాతీయ సంఘం ఏర్పడినది. తెలుగునాట కూడా అటువంటి సంఘాలు వెలసినవి. కొత్తగా వచ్చిన రోగి పక్కన కూర్చుని, “నేనూ ఇన్నేళ్లుగా ఇదే మాత్ర వేసుకుంటున్నాను, చూడండి” అని చెప్పగల మనిషి మాటకున్న బలం కరపత్రానికి రాదు. మందు మానివేసినవారిని వెదకి, నచ్చజెప్పి, తిరిగి కేంద్రానికి తీసుకొని వచ్చేవారు కూడా వీరే. 2020లో లాక్‌డౌను వచ్చి బస్సులు నిలిచినప్పుడు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి అక్కరకు వచ్చినది.

మాత్ర మానరాదని ఇంతగా చెప్పడానికి కారణమున్నది. మందు వైరస్‌ను అణచి ఉంచుతుందే గాని నిర్మూలించదు. మానితే అది మరల పెరుగుతుంది, ఒక్కొక్కప్పుడు మందుకు లొంగని రూపం ధరిస్తుంది. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితి నిలుపుకున్నవారి నుంచి దాంపత్య సంబంధం ద్వారా వ్యాధి సంక్రమించదు. చికిత్స లేకుంటే తల్లి నుంచి బిడ్డకు నూటికి 15 నుంచి 45 వంతుల వరకు సోకగలిగిన ఈ వ్యాధిని, గర్భిణికి సకాలంలో మందు ఇస్తే 5 వంతులలోపునకు తగ్గించవచ్చును. కలిసి భోజనం చేసినందువల్ల గాని, ఒకే బావి నీరు తాగినందువల్ల గాని ఇది ఎన్నడూ సోకలేదు.

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడు లక్షలకు పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారు. వారిని ఉద్యోగం నుంచి తొలగించినా, బడిలో చేర్చుకోకపోయినా, అద్దె ఇల్లు నిరాకరించినా, వారి రహస్యం అనుమతి లేక బయటపెట్టినా అది చట్టవిరుద్ధం. 2017లో పార్లమెంటు ఆమోదించిన ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్నది. చట్టం పుస్తకంలో ఉన్నది గాని, మాత్రల డబ్బాపై చీటీ చించివేసి, బియ్యం కుండలో దాచుకునే కోడలికి ఆ సంగతి ఇంకా చేరలేదు. ఆమె అత్తగారు కూడా ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చును.

సందేహమున్నవారికి ప్రభుత్వ ఆసుపత్రులలోని సలహా కేంద్రాలలో రక్త పరీక్ష ఉచితంగా, రహస్యంగా చేస్తారు. టెలిఫోనులో అడిగి తెలుసుకోదలచిన వారికి ఉచిత సంఖ్య 1097.