పరీక్షలో ఒకటి, ఇంట్లో ఒకటి

 

మాది సోమేనహళ్ళి. ఈ చుట్టుపక్కలే ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. దేవుడున్నాడా సార్ అని ఏటా ఎవడో ఒకడు అడిగేవాడు, ఆ రోజు పాఠం తప్పించుకోవడానికి. నేను హెచ్. నరసింహయ్య గారి కథ ఎత్తుకునేవాణ్ణి. మన గౌరిబిదనూరు పక్క హొసూరులో 1920లో పుట్టి, అమెరికాలో న్యూక్లియర్ ఫిజిక్సు చదివి, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయిన మనిషి. 1976లో మహిమల్ని పరీక్షించడానికి కమిటీ వేశారు. పుట్టపర్తి సత్యసాయిబాబాకు ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. పెద్ద గొడవే అయింది. అయితే ఆ కమిటీ దేవుడి సంగతి తేల్చడానికి కూర్చోలేదు. గాలిలోంచి ఉంగరం వచ్చిందంటే చూసి తేల్చొచ్చు. లోకాన్ని నడిపేవాడొకడున్నాడా అన్నది ఏ లాబులోనూ తేలదు. పదార్థం చాలు, నడిపేవాడు అక్కర్లేదంటాడు భౌతికవాది. ఆ పదార్థమైనా ఎందుకుందో చెప్పమంటాడు భక్తుడు. వాదించుకోనీండి. గోరా, గాంధీ వాదించుకోలేదా? నాస్తికుడైన గోరా కూతురి పెళ్ళిలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీ ఒప్పుకున్నారు. 1948 మార్చిలో సేవాగ్రామంలో ఆ పెళ్ళి జరిగేనాటికి ఆయన లేరు.

నా బెంగ వేరే. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం. అట్టకు చిల్లు పెట్టి, కాగితం మీద సూర్యబింబం చూపిద్దామని గ్రౌండులో నిలబడ్డాను. చంద్రుడి నీడ అని బొమ్మతో సహా రాసి మార్కులు కొట్టేసిన వీరులు ఒక్కరూ రాలేదు. తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నారు! వచ్చింది ఒకే అమ్మాయి. వాళ్ళ అవ్వ కైవారం తాతయ్య భక్తురాలు. పిల్ల పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. “తిననని అవ్వకు మాటిచ్చాను సార్, చూడనని ఎవరికీ ఇవ్వలేదు” అంది. గ్రహణం విడిచేదాకా ఆ అట్ట వదల్లేదు.

గాజులమ్ముకుంటూ బతికి, తెలుగులో, కన్నడలో కీర్తనలు కట్టిన ఆ తాతయ్యకూ, నరసింహయ్య గారికీ దేవుడి దగ్గర పొత్తు కుదరదు. కానీ ఎవరు ఏమనుకునేవారో ఊరందరికీ తెలుసు. పిల్లలూ, మీ సంగతేమిటి? పరీక్ష రోజు హాల్ టికెట్టుకు కుంకుమ, స్నేహితుల ముందు “నేనివేవీ నమ్మను”! ఏమప్పా, ఏది నిజం? నమ్మేవాళ్ళు లాబులోకి ఆ నమ్మకంతోనే రండి, ఎవరూ తరిమెయ్యరు. నమ్మనివాళ్ళు ఆ మాట ఇంట్లో అమ్మ ముందు అనండి. రెండు రోజులు అలుగుతుంది, మూడో రోజు అన్నం పెడుతుంది. అదీ ఇదీ కాకుండా ఎక్కడి వేషం అక్కడ వేసేవాడితోనే నాకు భయం. వాడితో వాదానికి కూడా దిగలేం, ఎటుపోతే అటు తలాడిస్తాడు.

2027 ఆగస్టు 2 సాయంత్రం మళ్ళీ సూర్యగ్రహణం ఉంది, మనకు కొంత కనిపిస్తుంది. ఏ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నా సరే, అట్టముక్క పట్టుకుని బయటికి రండి. ఉపవాసం ఉంటారో, ఉగ్గాని తిని వస్తారో మీ ఇష్టం.