సత్యం అంటే ఏ సత్యం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పాటల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను, వినేవాణ్ణి. అందుకని రాగాల జోలికి పోకుండా ఒక పేరు గురించి మాట్లాడతాను. ఆ పేరు సత్యనారాయణ.

మన వైపు ఈ పేరు లేని వీధి ఉండదు. పెళ్ళయిన కొత్తలో సత్యనారాయణ వ్రతం చేసుకుంటాం, పిల్లాడు పుడితే స్వామి పేరు పెట్టుకుంటాం. ఇంట్లో సత్తిబాబు, వీధిలో సత్యం, బడి రిజిస్టరులో సత్యనారాయణ. మా తరగతిలో నలుగురు ఉండేవారు. హాజరు వేసేటప్పుడు ఒక్క పేరుకి రెండు మూడు గొంతులు పలికేవి. "ఒరే, నువ్వు ఏ సత్యంరా?" అని మాష్టారు అడిగితే, "నౌపడ సత్యం సార్" అని జవాబు వచ్చేది.

తెలుగు పాటలోనూ ఇదే ప్రశ్న. ఏ సత్యం?

'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు పెళ్ళి విందు ఆరగిస్తూ పాడే పాట గుర్తుందా? తెర మీద ఎస్.వి. రంగారావు, వెనక గొంతు మాధవపెద్ది సత్యం. 'కులగోత్రాలు' (1962)లో పేకాట పాట పాడిన ఇద్దరిలో ఒకరు ఆయనే, రెండోవారు పిఠాపురం నాగేశ్వరరావు. జనం ఈ ఇద్దరినీ మాధవపెద్ది, పిఠాపురం అనే అన్నారు. ఒకరిని ఇంటిపేరుతో, ఇంకొకరిని ఊరిపేరుతో గుర్తుపెట్టుకున్నారు.

సంగీత దర్శకుడు సత్యం వేరు. ఆయన చెళ్ళపిళ్ళ వారు. పుట్టింది 1933లో, పార్వతీపురం దగ్గర. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా పార్వతీపురం మన జిల్లాలోదే. అదే ఏడాది వచ్చిన 'కార్తీకదీపం' పాటలు ఆయనవే. కన్నడ సినిమాల్లోనూ అంతే పేరు తెచ్చుకున్నారు.

కూచిపూడి నాట్యంలో వెంపటి వారింట ఒకే పేరువారు ఇద్దరు. వాళ్ళు పెద సత్యం, చిన సత్యం అయ్యారు. శాస్త్రీయ సంగీతంలో అనకాపల్లి వారు నూకల చినసత్యనారాయణ. ఆయనకు 2010లో పద్మభూషణ్ వచ్చింది. ఇంటిపేరు, ఊరు, పెద్ద, చిన్న. మన ఊళ్ళల్లో మనుషుల్ని గుర్తుపట్టే పద్ధతే పెద్ద పెద్ద విద్వాంసులకీ పనికొచ్చింది.

ఇప్పుడు మన జిల్లా సత్యనారాయణ గురించి చెప్పాలి. గరిమెళ్ళ సత్యనారాయణ 1893లో నరసన్నపేట దగ్గర పుట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో తెల్లదొరతనం వద్దంటూ ఆయన కట్టిన పాట ఆంధ్రదేశమంతా పాకింది. ఆ పాటకు 1922లో ఆయన్ని జైల్లో పెట్టారు. పాట మాత్రం బయటే తిరిగింది. చదువు రానివాళ్ళు కూడా నోటికి నేర్చుకుని పాడారు. పాడినవాళ్ళందరికీ కట్టినవాడెవరో తెలియాలని లేదు కదా! స్వరాజ్యం వచ్చింది. ఆ పాట కట్టిన మనిషి 1952లో మద్రాసులో పేదరికంలోనే కన్నుమూశారు.

పాటకు కాళ్ళుంటాయి, తనంతట తాను నడిచి వెళ్తుంది. మనిషి పేరుని మాత్రం ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి. సినిమా పాటకు ఆ పని రేడియో చేసింది. పాట వేసే ముందు రచన, సంగీతం, గానం చెప్పేవారు. మన జముకుల కథ చెప్పినవారికి, తప్పెటగుళ్ళు ఆడుతూ పాడినవారికి అలా చెప్పినవారు తక్కువ. "ఫలానా ఊరి దళం" అంటే సరిపోయేది. ఆ దళంలో ముందు గొంతెత్తినవాడికి కూడా ఓ ఇంటిపేరు ఉంది.

మా నలుగురిలో ముగ్గురి అడ్రసులు సంఘం దగ్గర ఉన్నాయి. నాలుగో సత్యానిదే మంచి గొంతు. ప్రార్థన గీతం అతనే ఎత్తుకునేవాడు. పదో తరగతికి రాకుండానే చేపల వేటకు వేరావల్ వెళ్ళే వాళ్ళతో వెళ్ళిపోయాడు. మా దగ్గరున్న ఫొటో వెనక 'సత్యం' అని మాత్రమే రాసి ఉంది. ఒక్క పేరు పట్టుకుని ఈ తీరంలో మనిషిని వెతకడం ఎలాగో మీరే చెప్పండి.

అందుకే సభ వారికి ఒక్క మనవి. సంఘం పుస్తకంలో ప్రతి విద్యార్థికీ ఇంటిపేరు, ఊరు, చదివిన సంవత్సరాలు రాయించండి. మధ్యలో బడి మానేసినవాళ్ళ పేర్లూ చేర్చండి, వాళ్ళూ ఈ బడి పిల్లలే. మన ఊళ్ళల్లో పాడేవాళ్ళు, పాడి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరో ఇప్పుడు చదువుతున్న పిల్లల చేత ఇంటింటికీ వెళ్ళి అడిగించి రాయించండి. చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు.

మా నాలుగో సత్యం ఇంటిపేరు ఈ సభలో ఎవరికైనా తెలిస్తే, భోజనాల దగ్గర నన్ను కలవండి. సెలవు.