పంది కూర కాడ బయటపడ్డ మన కులం

(బీర్కూర్‌లో మంజీర ఒడ్డున, నడక అయినంక జరిగిన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుగాల వాడల నుంచి బయలెల్లి, కాలువ గట్టు పట్టుకొని, వరి మడుల నడుమ నుంచి మంజీర దాకా నడిచొచ్చినం. ఈ బాట మనకు కొత్త కాదు. నాట్లకూ కోతలకూ మన అమ్మలు నడిచిన బాటే. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయింది, కాలువ నీళ్లతో వరి పెరిగింది. ఆ వరిలో మన చెమట ఉంది. పట్టాలో మన పేరు ఎంతుందో మీకు తెలుసు. ఇయ్యాల కూలికి కాదు, మన కోసం నడిచినం.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వెంట వేలమంది నడిచిపోయి చవదార్ చెరువు నీళ్లు తాగిన్రు. దూప తీర్చుకోవడానికి కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి. కలిసి నడవడం, కలిసి తినడం మనకు ఉద్యమమే. అందుకే ఈ నడక చివర ఊరవతల ఎరుకల గుడిసెల కాడ పంది కూర పెట్టుకున్నం.

గడ్డి మంటలో కాల్చి, గీకి, కడిగి, ముక్కలు కొట్టి, దాని కొవ్వులోనే వండిన్రు. వేరే నూనె పనే లేదు. "మంచిగ ఉడకాలె బిడ్డా, తొందరపడొద్దు" అన్నది వండిన అవ్వ. బడిలో మేం చెప్పే పాఠం కూడా అదే. సరిగా ఉడకని పంది మాంసంతో బద్దెపురుగులు వస్తయి. అవ్వ బడికి పోలేదు, పాఠం మాత్రం తెలుసు.

మరి అక్కడ మనం ఏం చేసినం? దాచుకోకుండా చెప్పుకుందాం. పెద్దకూర మా ఆత్మగౌరవం అని సభల్లో గొంతు చించుకున్నోళ్లం, 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ జరిగితే చప్పట్లు కొట్టినోళ్లం, ఎరుకల పళ్లెం ముందు ముక్కు మూసుకున్నం. "మా గిన్నెలో పోయండి" అన్నోళ్లున్నరు. హోటళ్లలో రెండు గ్లాసుల మీద కొట్లాడిన మనమే గిన్నె వేరు చేస్తిమి! పాఠాలు చెప్పే మేం కూడా మొదటి ముద్ద కాడ ఆగినం. అవ్వ చూసింది. ఏమనలేదు. ఆ చూపు మాకు ఇంకా గుచ్చుకుంటున్నది.

ముస్లిం మిత్రులు మనతోనే నడిచిన్రు. కూర ముట్టలేదు, అటుకులు తిన్నరు. కాని అవ్వ ఇచ్చిన నీళ్లు అవ్వ చెంబుతోనే తాగిన్రు. తినకపోవడం తప్పు కాదు. మనిషిని చూసి అసహ్యపడడమే తప్పు.

వరాహావతారమని పందికి మొక్కుతరు, పందిని సాదేటోన్ని ఊరవతల పెడ్తరు. పెద్ద హోటళ్లలో పోర్క్ అంటే గొప్ప, ఎరుకల గుడిసెలో పంది అంటే నీచం! నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలను పుట్టుదొంగలని ముద్రేసిన్రు. ఆ చట్టం 1952లో పోయింది. చూపు పోలేదు. ఆ చూపు మన కండ్లల్లో కూడా ఉంటే మనువు మన ఇంట్లోనే పండుకున్నట్టు.

వచ్చే నడకకు ఎరుకల అన్నలు ముందు నడవాలె. ఆ రోజు వాళ్లను మన ఇండ్లకు పిలిచి, మన పళ్లాలల్లో పెట్టి, పక్కన కూచొని తిందాం. అప్పుడు జై భీమ్ అంటే నోటికి అందం.

జై భీమ్!