నీటి పద్దు వ్రాసిన సుబ్బారావుగారు



షర్క్‌లో సభ చేసుకుంటున్నాము గనుక ఇక్కడి రేవునుంచే మొదలుపెడతాము. రేవు పక్కనున్న చేపల మార్కెట్టు మనందరికీ తెలిసిందే. చేప ధర అడుగుతాము గాని, ఆ చేపకు మేత ఎక్కడిదని అడగము. సముద్రంలో మేతకు మొదలు కంటికి కనిపించని నీటి మొక్కలు. వాటిని వృక్షప్లవకాలంటారు. వాల్తేరులో వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి, కెనడా మీదుగా ఈ కువైత్ తీరానికి వచ్చి పనిచేసిన డి.వి. సుబ్బారావుగారి వ్యాసాలను గురించి నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక.

చిత్తడి నేలల సంగతిలో సముద్రం ఎందుకు వచ్చిందని కొందరికి సందేహం రావచ్చు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం, ఆటు సమయంలో ఆరు మీటర్ల లోతు దాటని సముద్రపు నీరు కూడా చిత్తడి నేలే. మన కొల్లేరు 2002లో ఆ పట్టికలో చేరింది. కువైత్ 2015లో ఒప్పందంలో చేరి, బుబియాన్ ద్వీపంలోని ముబారక్ అల్ కబీర్ రక్షిత ప్రాంతాన్ని చేర్చింది. సులైబిఖాత్ దగ్గర ఆటుకు బయటపడే బురద నేలలు కూడా ఆ జాతివే.

1958లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతిగారితో కలిసి సుబ్బారావుగారు వాల్తేరు లాసన్స్ బే ప్లవకాల పరిమాణం మీద ఒక వ్యాసం ప్రకటించారు. 1969లో ఒక డయాటం విపరీతంగా పెరిగి వాల్తేరు దగ్గర సముద్రపు నీటి రంగే మారిన వైనం వ్రాశారు. పైకి చూస్తే చిన్న సంగతులే. కాని ఆనాటి నీరు మళ్ళీ రాదు. ఆ అంకెలు వ్రాసిపెట్టకపోతే ఇప్పుడు ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

తరువాత వారు కెనడాలో బెడ్‌ఫర్డ్ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేశారు. 1987లో అక్కడి ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు ఆలిచిప్పలు తిన్నవారు వందమందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు జ్ఞాపకశక్తి కోల్పోయారు, ప్రాణాలు కూడా పోయాయి. విషం డొమోయిక్ ఆమ్లమని తేలింది. దాన్ని తయారుచేసేది ఒక డయాటమేనని నిరూపించిన తొలి వ్యాసాలలో 1988లో సుబ్బారావు, క్విలియం, పాక్లింగ్టన్ గార్లు వ్రాసినది ఒకటి. ఆ జీవిని సీసాలో పెంచి, అందులోనే విషాన్ని పట్టి చూపారు. పోషకాలు తగ్గి పెరుగుదల మందగించినప్పుడే విషం ఎక్కువవుతుందని తరువాతి ప్రయోగాలలో తెలిసింది.

ఇక ఉల్లేఖనల సంగతి. తరువాతివారు తమ వ్యాసంలో "ఇది ఫలానావారు ముందే చెప్పారు" అని పేరు పెట్టడమే ఉల్లేఖన. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన ఫిలడెల్ఫియాలో ఈ లెక్కలకు ఒక సూచిక అచ్చువేయించారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, పది వ్యాసాలను ఒక్కొక్కదాన్ని కనీసం పదిసార్లు పేర్కొంటే ఆ మనిషి అంకె పది, అనే కొలత తెచ్చారు. ఉద్యోగాలిచ్చేవారికి ఇది సుఖంగా ఉన్నది. బడిపంతుళ్ళం గనుక మాకు మార్కుల మీద కొంత అనుమానం. విషం మీది వ్యాసాన్ని ప్రపంచమంతా పేర్కొంటుంది, మనుషుల ప్రాణాలతో పని గనుక. లాసన్స్ బే వ్యాసానికి అటువంటి గిరాకీ లేదు. అంతమాత్రాన అది తక్కువదని మేము ఒప్పుకోము. పైగా ఆ డయాటం పేరే తరువాత మారింది. పాత పేరుతో వెతికేవారికి సగం చరిత్ర దొరకదు.

కువైత్ శాస్త్ర పరిశోధన సంస్థలో ఉండగా 1998లో సుబ్బారావుగారు, ఫైజా అల్ యమానీగారు కలిసి షత్ అల్ అరబ్ నుంచి హోర్ముజ్ జలసంధి వరకు వృక్షప్లవకాల మీద అంతవరకు జరిగిన పనినంతా ఒకచోట కూర్చారు. ఆ కాలానికి ఇరాక్ చిత్తడి నేలలు చాలావరకు ఎండగట్టబడి ఉన్నాయి. 2003 తరువాతనే కొంత నీరు తిరిగి వచ్చింది. అక్కడ నీరు ఆగితే కువైత్ ఉత్తరపు నీటిలో ఉప్పు, పోషకాలు మారతాయి. 2001లో కువైత్ బేలో 2500 టన్నులకు మించి ముల్లెట్ చేపలు చచ్చి తేలాయి. ప్రధాన కారణం ఒక బాక్టీరియా అని తేల్చినా, మురుగునీరు, హానికర ప్లవకాల పాత్ర కూడా పరిశీలించారు. అటువంటి రోజున పరిశోధకుడు అడిగే మొదటి ప్రశ్న, ఇంతకుముందు ఈ నీటిలో ఏమేమి ఉండేవి అని. అప్పుడు తెరవవలసినది అటువంటి వ్యాసాలే.

మన పిల్లల్లో లెక్కలు వచ్చినవారున్నారు, తెలుగు తడబడేవారూ ఉన్నారు. 1958 నాటి ఆ వ్యాసం భారతీయ విజ్ఞాన అకాడమీ వారి పాత సంచికలలో దొరుకుతుంది. దాని పట్టికలను సాయంకాలపు తరగతిలో పరచుకొని, ఒక్కొక్క గడికి తెలుగు మాట వ్రాయించాలని అనుకుంటున్నాము. విశాఖలో బంధువులున్నవారు లాసన్స్ బే ఒడ్డున నేటి ఫోటో ఒకటి తీయించి పంపితే, ఆ పట్టిక పక్కన అంటిస్తాము.