కండబలము – చదువు



పరీక్షకు గూర్చున్న పిల్లవాడు సాయంకాలమున కసరత్తునకు బయలుదేరినచో, "పుస్తకము విడిచి యీ బస్కీలేమిరా?" యని తండ్రి గద్దించుట మన యిండ్లలో పరిపాటి. ఈ ఢిల్లీలో ఓల్డు రాజేంద్రనగరమందును, ముఖర్జీనగరమందును ఇరుకు గదులలో సివిలు సర్వీసు పరీక్షకై చదువుచున్న తెలుగు యువకులు పలువురు మొట్టమొదట మానుకొనునది వ్యాయామమే. అది లాభమా, నష్టమా యని విచారింతము.

కండలు గలవానికి బుద్ధి మందమను మాట యెట్లు పుట్టినదో గాని, మనవారి చరిత్ర దానిని బలపఱచదు. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు స్థాపింపకమునుపు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులు. శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు రెండు విధముల యెత్తులలో కలిపి 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనిరి. భారత ఆహార సంస్థలో అధికారిణియై మనవలెనే దస్త్రములు చూచిరి. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతిగా నియమితులైరి. అయితే వీరి వలన కండ బుద్ధికి శత్రువు కాదని మాత్రమే తేలును. మిత్రమగునా యనుటకు పరిశోధనలే శరణ్యము.

ఒక చిత్రమైన పరీక్ష కలదు. 1935లో స్ట్రూప్ అను అమెరికా మనస్తత్వవేత్త దానిని ప్రకటించెను. "ఎఱుపు" అను మాటను ఆకుపచ్చ సిరాతో వ్రాసి, మాట చదువక సిరా రంగు చెప్పుమందురు. చదువు వచ్చినవాని నాలుక "ఎఱుపు" అనుటకే పరుగెత్తును. దానిని పట్టి నిలుపుటకు ఎంత కాలము పట్టునో, అది ఏకాగ్రతకు కొలత. (మా యింట ప్రయత్నించితిమి, అందఱికంటె తడబడినవాడను నేనే.) కెనడాలోని వాంకూవరునందు 65 మొదలు 75 ఏండ్ల స్త్రీలు 155 మందిపై జరిగిన పరిశోధన 2010లో వెలువడినది. ఏడాదిపాటు వారమునకు ఒకటి రెండు మారులు బరువులతో కసరత్తు చేసినవారు ఈ పరీక్షలో మెఱుగైరి. ఒళ్లు సాగదీయుట, తూకము నిలుపుకొనుట వంటి వ్యాయామములు చేసినవారు మెఱుగు పడలేదు.

యువకుల మాట వేఱు. వారి బుద్ధి స్వతహాగా పదునుగా నుండుటచే మెఱుగునకు చోటు తక్కువ. ఫలితములును ఒక్క తీరుగ లేవు. మితముగ బరువులెత్తిన కొంతసేపటివరకు కొందఱిలో ధ్యాస చురుకగుట కనబడినది. కండ పనిచేయునపుడు మెదడునకు పోషకములైన కొన్ని పదార్థములు రక్తమున హెచ్చుట ఇందుకు ఒక కారణము కావచ్చును. బరువెత్తినంత మాత్రమున చదువు రాదు. కాని దీర్ఘవాక్యము ముగియువరకు దాని మొదలును మనసున నిలుపుకొనుట చదువరికి ముఖ్యము. ఆ నిలుకడకు వ్యాయామము తోడ్పడవచ్చును. ఇంతకుమించి నేను వాగ్దానము చేయజాలను. ఒళ్లు హూనమగునట్లు చేసి వెంటనే పుస్తకము పట్టినచో వచ్చునది నిద్రయే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు విధించినది వారమున కనీసము రెండు దినములు కండబలపు వ్యాయామము. పూటకు అరగంట చొప్పున వెచ్చించినను, వారము మీద పోవునది ఒక గంట. జిమ్ము రుసుము భారమైనచో గదిలోనే దండీలు, బస్కీలు తీయవచ్చును. పరీక్ష పుస్తకముల సంచియే చాలినంత బరువుండును.

ఈ విషయమున అనుభవము గల తల్లిదండ్రులును, ముఖ్యముగా వెనుక వరుసలలోని విద్యార్థులును ఇపుడు మాటలాడ గోరుచున్నాను.