పురోద్యానముల వ్యయక్రమము

ధనము పరిమితమైనపుడు గృహస్థుడు ముందు ఇంటికప్పు నేయించి, పిదప గోడలకు సున్నము వేయించును. బడిపంతులునైన నేను పురమునకును ఈ నీతినే చెప్పుదును.

విజయవాడ నడుమ ఏలూరు, బందరు, రైవసు కాలువలు పాఱుచున్నవి. రాఘవయ్య పార్కు, రాజీవ్ గాంధీ పార్కు కలవు. అయినను వేసవిలో నీడకు కఱవే. కావున ప్రథమవ్యయము వేప, కానుగ మొక్కలకును, వానిని మూడు వేసవులు కాపాడు తోటమాలి జీతమునకును చెందవలెను. రెండవది త్రాగునీరు, మరుగుదొడ్డి, దీపము. ఇవి లేనిచోటికి స్త్రీలును వృద్ధులును రాజాలరు. మూడవది, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగునగరము వంటి పేటలలో చిన్నతోటలు; అచ్చటి నేలను సిమెంటుతో కప్పక వాననీటిని ఇంకనీయవలెను.

జలయంత్రములు, స్వాగతతోరణములు తుదకు. తోరణమునకు ప్రారంభోత్సవము కలదు, నీడకు లేదు. అందుచేతనే నీడ వెనుకబడుచున్నది. వ్యయపట్టిక వ్రాయువారు మేనెల మధ్యాహ్నమున తోటలో నిలిచి వ్రాయుదురుగాక!